ఎపాక్సీ రెసిన్‌తో ఇంట్లోనే పాలరాయి ఫినిష్: పాత టీపాయ్ మీద మొదటి నుంచి చివరి దాకా

"రెసిన్‌తో మార్బుల్ లుక్ ఎలా తేవాలి?" అని అడిగేవాళ్ళలో చాలామంది ఇప్పటికే ఒకసారి ప్రయత్నించి ఉంటారు. (ఎపాక్సీ రెసిన్ అంటే, హార్డెనర్ అనే రెండో ద్రవంతో కలిపితే గట్టిపడే ద్రవం.) జిగురు జిగురుగా ఉండిపోయిందంటారు. చారలన్నీ అలుక్కుపోయి సిమెంటు గచ్చులా అయిందంటారు. రాత్రి అద్దంలా ఉన్నది పొద్దునకి నిండా బుడగలే అంటారు. ఏం చేశారో విడమరిచి చెప్పమంటే తప్పు దాదాపుగా రెండు చోట్లే బయటపడుతుంది. రెసిన్ డబ్బా తెరవకముందు చేయాల్సిన పనిని తొందరలో వదిలేసి ఉంటారు, లేదా డిజైన్ మొత్తం ఒకే పోతలో తేల్చేయాలనుకుని ఉంటారు.

అందుకే ఇక్కడ చెప్పే పద్ధతిలో మూడు దశలున్నాయి. మొదట చెక్క రంధ్రాలు మూసే పలుచటి పూత. తర్వాత తెల్ల రెసిన్ పోత, తడి మీదే అందులో మసక చారలు. ఆ పొర గట్టిపడ్డాక దాని మీద సన్న చారలు గీసి, పైన క్లియర్ పొర. మసక చారలు కిందా, సన్న చారలు పైనా ఉండటం వల్లే రాయిలోకి చూస్తున్నట్టు లోతు వస్తుంది. ఒక్క పోతలో ఆ లోతు రాదు.

లెక్కలన్నీ 60 సెం.మీ. వెడల్పు, 90 సెం.మీ. పొడవున్న టీపాయ్ పలకకు చెబుతున్నాను. మీ కొలతకు తగ్గట్టు మార్చుకోవచ్చు.

## 1. దేని మీద చేయవచ్చు, దేని మీద వద్దు

టీపాయ్, స్టడీ టేబుల్, టీవీ యూనిట్ పైపలక, గోడకు బిగించే షెల్ఫ్ లాంటివి మొదటిసారికి బాగుంటాయి. ప్లైవుడ్, ఎండీఎఫ్, పాత టేకు చెక్క, సన్‌మైకా ఏదైనా పర్వాలేదు, కదలకుండా గట్టిగా ఉంటే చాలు. ఊగే పలక మీద పోస్తే అతుకుల దగ్గర పగుళ్ళు వస్తాయి.

వంటింటి గట్టు మీద చేయొచ్చా అని తప్పకుండా అడుగుతారు. నా మాట వద్దనే. మామూలు ఎపాక్సీ 50–60 డిగ్రీల వేడికే మెత్తబడటం మొదలవుతుంది. పొయ్యి మీంచి దించిన కుక్కర్ ఒక్కసారి పెట్టినా దాని అడుగు గుండ్రంగా అచ్చు పడిపోతుంది. పూజ గదిలో దీపం పెట్టే చోటుకూ ఇదే వర్తిస్తుంది.

నేరుగా ఎండ పడే బాల్కనీలో కూడా వద్దు. సూర్యకాంతికి ఎపాక్సీ పసుపెక్కుతుంది, తెలుపు మీద ఆ పసుపు ముందుగా కనిపిస్తుంది. డబ్బా మీద యూవీ నిరోధకం ఉందని రాసి ఉంటే ఆ మార్పు నెమ్మదిస్తుంది గానీ పూర్తిగా ఆగదు.

## 2. ఏ కాలంలో, ఏ వేళలో

రెసిన్‌కు 22 నుంచి 28 డిగ్రీల మధ్య వేడి, తక్కువ తేమ కావాలి. మన దగ్గర దీపావళి తర్వాత నుంచి శివరాత్రి దాకా దీనికి మంచి కాలం.

ఎండాకాలంలో వచ్చే చిక్కు వేడి. స్థూలంగా పది డిగ్రీలు పెరిగితే కలిపిన రెసిన్ చేతిలో ఉండే సమయం సగానికి పడిపోతుంది. 25 డిగ్రీల దగ్గర 40 నిమిషాలు దొరికే రెసిన్, 35 దగ్గర 20 నిమిషాలకే చిక్కబడుతుంది. రాయలసీమ, తెలంగాణ వేసవిలో చేయక తప్పకపోతే తెల్ల పోతను తెల్లవారుజామున మొదలుపెట్టండి, ఒకేసారి ఎక్కువ కలపకండి.

విశాఖ, కాకినాడ, నెల్లూరు వైపు ఉండేవాళ్ళకు తేమతోనే పేచీ. గాలిలో తేమ ఎక్కువైతే ఆరిన పొర మీద నూనె రాసినట్టు మైనపు తెట్టు కడుతుంది. వానపడ్డ రోజు మానుకోండి. తొలకరి రోజుల్లో ఇంకో బెడద ఉసుళ్ళు. లైటు వెలుగుతున్న గదిలో తడి రెసిన్ ఉంటే అవి వచ్చి వాలేది దాని మీదే. ఒకసారి పోత అయ్యాక లైటు ఆపడం మరచిపోయాను. పొద్దున చూస్తే పొరలో పదిపన్నెండు రెక్కలు అంటుకుని ఉన్నాయి. మొత్తం గీకి మళ్ళీ పోయాల్సి వచ్చింది.

అమెరికా, కెనడాలో చలికాలం గరాజ్‌లో చేసేవాళ్ళకు ఒక మాట. గ్యాస్, కిరోసిన్ హీటర్లు వద్దు. అవి వదిలే తేమ, కార్బన్ డయాక్సైడ్ వల్ల ఇదే తెట్టు కడుతుంది. కరెంటు హీటర్ వాడండి, డబ్బాలను ముందురోజే ఇంట్లోకి తెచ్చి పెట్టుకోండి.

## 3. సామాన్ల జాబితా

రెసిన్ కొనేటప్పుడు చూడాల్సింది "కోటింగ్" రకమా, "కాస్టింగ్" రకమా అని. మనకు కావాల్సింది కోటింగ్ రకం. ఇది కాస్త చిక్కగా ఉంటుంది, ఒక్కో పొర 3 మి.మీ. లోపు పోసేందుకు తయారైంది. కాస్టింగ్ రెసిన్ నీళ్ళలా పలచన, దాన్ని లోతైన అచ్చుల్లో పోస్తారు. టేబుల్ మీద పోస్తే అంచుల నుంచి జారిపోతుంది.

రెసిన్ పనికి:
- కోటింగ్ ఎపాక్సీ, రెసిన్ డబ్బా, హార్డెనర్ డబ్బా రెండూ కలిపి 2.5 నుంచి 3 లీటర్లు
- రెసిన్‌కు పనికొచ్చే తెలుపు, నలుపు పిగ్మెంట్ పేస్టులు, కొద్దిగా గోధుమ రంగుది
- సన్న చారలకు ఆర్టిస్టు అక్రిలిక్ రంగులు: నలుపు, తెలుపు, గోధుమ
- గ్రాముల్లో తూచే డిజిటల్ కాటా
- నున్నటి ప్లాస్టిక్ కప్పులు కనీసం పది, అంచు బల్లపరుపుగా ఉన్న పుల్లలు
- పళ్ళున్న ట్రవెల్, స్పాంజి బ్రష్, పొడవాటి కుచ్చున్న సన్న కుంచె
- చిన్న గ్యాస్ టార్చ్ లేదా హీట్ గన్
- స్ప్రే సీసాలో ఐసోప్రొపైల్ ఆల్కహాల్, అంటే ఐపీఏ

పలక సిద్ధం చేయడానికి:
- ఉప్పు కాగితం: 80, 120, 220, 320 నంబర్లు
- వుడ్ పుట్టీ, నీళ్ళతో కలిపే తెల్ల అక్రిలిక్ ప్రైమర్
- మాస్కింగ్ టేపు, ప్లాస్టిక్ షీటు, నూలుపోగులు రాలని గుడ్డలు
- రసమట్టం

ఒంటికి:
- నైట్రైల్ గ్లౌజులు ఒక డబ్బా
- ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్ ఉన్న మాస్క్
- కళ్ళద్దాలు, పొడుగు చేతుల పాత చొక్కా

ఈ చివరి మూడింటినీ తేలిగ్గా తీసుకోకండి. ఎపాక్సీ తగిలిన మొదటి రోజు ఏమీ కాకపోవచ్చు, పదోసారి దద్దుర్లు రావచ్చు. ఒకసారి ఆ అలర్జీ మొదలైతే మళ్ళీ పోవడం కష్టం, ఆ తర్వాత కొంచెం తగిలినా ఒళ్ళు ఊరుకోదు. చేతికి అంటితే థిన్నర్‌తో కడగొద్దు, అది రెసిన్‌ను చర్మంలోకి ఇంకా దిగేలా చేస్తుంది. పొడి గుడ్డతో తుడిచి, సబ్బుతో కడుక్కోండి. మామూలు గుడ్డ మాస్కు ఆవిర్లను ఆపదు.

## 4. రెసిన్ ఎంత కావాలి

పొడవు, వెడల్పు, మందం మూడూ సెంటీమీటర్లలో వేసి గుణిస్తే మిల్లీలీటర్లు వస్తాయి.

- రంధ్రాలు మూసే పూత: 150–200 మి.లీ.
- తెల్ల పోత, 2 మి.మీ.: 60 × 90 × 0.2 = 1080 మి.లీ. అంచుల్లోంచి కారేది కలిపి 1250 మి.లీ.
- క్లియర్ పోత, 1.5 మి.మీ.: 60 × 90 × 0.15 = 810 మి.లీ. కారేది కలిపి 930 మి.లీ.

మొత్తం 2.4 లీటర్ల దాకా వస్తుంది. కిలోల లెక్కన కొంటుంటే గుర్తుంచుకోండి, కలిపిన ఎపాక్సీ లీటరు సుమారు 1.1 కిలోలు తూగుతుంది. పోస్తుండగా సరిపోలేదని తెలిస్తే పరుగెత్తి తెచ్చే టైం ఉండదు, కాబట్టి కాస్త ఎక్కువే తెచ్చుకోండి.

అసలు పలక ముట్టుకోకముందు 30 × 30 సెం.మీ. ప్లైవుడ్ ముక్క మీద మొత్తం పద్ధతి ఒకసారి చేసి చూడండి. దానికి తెల్ల పోతకు 180 మి.లీ. చాలు. మీ రెసిన్ మీ ఊరి వాతావరణంలో ఎన్ని నిమిషాలకు చిక్కబడుతుందో ఆ ముక్కే చెబుతుంది. డబ్బా మీది సమయం ఏదో చల్లటి గదిలో కొలిచింది.

## 5. ముందు రాయిని చూడండి

చాలామంది ఈ మెట్టు దాటేస్తారు. ఫోన్‌లో ఫొటో చూసి చేస్తే ఫొటో లాంటిదే వస్తుంది. ఊరి చివర మార్బుల్, గ్రానైట్ షాపు ఉంటే ఒక అరగంట అక్కడ తిరిగి రండి. అయితే బేతంచర్ల రాయి, కడప బండ, చీమకుర్తి గ్రానైట్ చూసి రాకండి, అవి వేరే జాతులు. మక్రానా లాంటి తెల్ల పాలరాయి పలక ముందు నిలబడండి.

గమనించాల్సినవి ఇవి. చారలన్నీ ఒక వాలులో, ఎక్కువగా ఏటవాలుగా నడుస్తాయి. ఒక చార పోతూ పోతూ ఆంగ్ల అక్షరం వై ఆకారంలో చీలుతుంది. ఒకచోట వేలంత మందం ఉన్నది జానెడు దూరంలో వెంట్రుకలా సన్నబడుతుంది, మాయమై మళ్ళీ తేలుతుంది. పలక మధ్యలో ఠక్కున ఆగిపోయే చార కనపడటం అరుదు, అంచు దాటి వెళ్ళిపోతుంది. రెండు చారల మధ్య దూరం ఎక్కడా ఒకేలా ఉండదు. ఇక తెలుపు పాల తెలుపు కాదు, అక్కడక్కడా మబ్బు పట్టినట్టు బూడిద నీడలుంటాయి.

ఇంటికొచ్చి టీపాయ్ కొలతలో పాత పేపరు పరిచి, పెన్సిల్‌తో మూడే మూడు పెద్ద చారలు గీసుకోండి. మూడు చాలు. చిన్నవి వాటి నుంచే పుడతాయి. ఆ పేపరును పని చేసేచోట గోడకు అంటించుకోండి.

## 6. పలకను సిద్ధం చేయడం

1. మురికి, నూనె, పాత మైనపు పాలిష్ పోయేలా గిన్నెలు తోమే సబ్బు నీళ్ళతో తుడిచి, ఒక రోజంతా ఆరనివ్వండి.
2. 80 నంబరు ఉప్పు కాగితంతో పాత పాలిష్ మొత్తం తీసేయండి. తర్వాత 120. సన్‌మైకా అయితే మెరుపు పూర్తిగా పోయేదాకా రుద్దండి. పక్క నుంచి లైటు వేసి చూస్తే మిగిలిన మెరుపు మచ్చలు కనిపిస్తాయి.
3. పైఅంచును 3–4 మి.మీ. గుండ్రంగా అరగదీయండి. కొసలు పదునుగా ఉంటే రెసిన్ అక్కడ నిలవదు, పలచబడి కింద చెక్క కనిపిస్తుంది.
4. మేకుల గుంటలు, పగుళ్ళు వుడ్ పుట్టీతో నింపి, ఆరాక 220తో సాపు చేయండి. గోడలకు వేసే పుట్టీ వాడకండి, అది పొడిగా రాలుతుంది.
5. తెల్ల అక్రిలిక్ ప్రైమర్ రెండు పూతలు, అంచులకు కూడా. పూతకు పూతకు మధ్య ఆరనిచ్చి, ఆఖరి పూత తర్వాత 24 గంటలు వదిలేయండి.
6. పలక అడుగున చుట్టూ అంచు వెంబడి మాస్కింగ్ టేపు వేయండి. కారిన చుక్కలు దాని మీద గడ్డకడతాయి, తర్వాత టేపుతో పాటు ఊడొస్తాయి.

తుడవడానికి ఐపీఏ వాడండి. టర్పెంటైన్ వద్దు, అది జిడ్డు వదులుతుంది.

ఇప్పుడు టేపు పరీక్ష. ప్రైమర్ మీద మాస్కింగ్ టేపు గట్టిగా అదిమి, ఒక్క లాగు లాగండి. రంగు ఊడి వచ్చిందంటే రేపు రెసిన్ కూడా దాంతోపాటే ఊడుతుంది. మళ్ళీ గీకి మొదలుపెట్టడమే మేలు.

## 7. గది ఏర్పాటు

పలకను కాళ్ళ నుంచి విప్పగలిగితే విప్పి, నాలుగు డబ్బాల మీద ఎత్తుగా పెట్టండి. అంచులు గాలిలో ఉండాలి. రసమట్టం పొడవునా, అడ్డంగా, మూలగా మూడు వైపులా పెట్టి చూడండి. తేడా ఉంటే మడిచిన అట్టముక్కలు దోపండి. కంటికి సమంగా అనిపించింది చాలదు, రెసిన్ రాత్రంతా మెల్లగా పల్లానికి పోతూనే ఉంటుంది.

పోసే గంట ముందు నేల తడిగుడ్డతో తుడవండి. సీలింగ్ ఫ్యాన్ ఆపేయండి, దాని రెక్కల మీది దుమ్ము అంతా సరిగ్గా మీ పలక మీదే రాలుతుంది. పోత అయ్యాక మూయడానికి పెద్ద అట్టపెట్టె ముందే చూసి ఉంచుకోండి. ఆ పెట్టె లోపలి దుమ్ము కూడా తుడవాలి.

## 8. కలపడం

జిగురుగా ఉండిపోయే టేబుళ్ళలో ఎక్కువ శాతం ఇక్కడే చెడతాయి.

డబ్బా మీద రాసిన పాళ్ళు ఘనపరిమాణంలోనా, తూకంలోనా అన్నది ముందు చూడండి. రెసిన్ బరువు, హార్డెనర్ తేలిక. కొలతగ్లాసులో ఒకటికి ఒకటి అని ఉంటే, తూకంలో ఒకటికి ఒకటి వేయకూడదు. కంపెనీ తూకం పాళ్ళు విడిగా ఇస్తే కాటా వాడండి, లేదంటే గీతలున్న కప్పుతోనే కొలవండి. త్వరగా గట్టిపడాలని హార్డెనర్ నాలుగు చుక్కలు ఎక్కువ వేయడం పెద్ద పొరపాటు. ఇది గోడ రంగులో థిన్నర్ లాంటిది కాదు. రెండూ పాళ్ళ ప్రకారం ఒకదానితో ఒకటి కలిసిపోవాలి. మిగిలిపోయిన హార్డెనర్‌కు కలవడానికి ఏమీ దొరకక మెత్తగా ఉండిపోతుంది.

కలిపే క్రమం:
1. ముందు రెసిన్, తర్వాత హార్డెనర్ పోయండి.
2. గడియారం చూసుకుని 3–4 నిమిషాలు నిదానంగా కలపండి. గిలక్కొడితే గాలి చేరుతుంది.
3. ప్రతి అరనిమిషానికి పుల్లతో కప్పు గోడలు, అడుగు, మూలలు గీకండి.
4. రెండో శుభ్రమైన కప్పులోకి వంచి, మరో నిమిషం కలపండి.
5. మొదట పొగలా, తీగలు తీగలుగా కనిపించేది పూర్తిగా తేటపడాలి.

పోసేటప్పుడు కప్పు అడుగున మిగిలినది గీకి పలక మీద వేయకండి. సరిగ్గా కలవనిది అక్కడే ఉంటుంది.

ఒక్కో కప్పులో అర లీటరుకు మించి కలిపి అలా ఉంచేయకండి. గుంపుగా ఉన్న రెసిన్ తన వేడికి తానే ఉడుకుతుంది, కప్పు కాలి పొగ వస్తుంది. కప్పు చేతికి వెచ్చగా తగలగానే పలక మీద పోసేయండి. పోయలేని స్థితి అయితే బయట మట్టి నేల మీద పెట్టి దూరంగా ఉండండి.

## 9. మొదటి రోజు సాయంత్రం: రంధ్రాలు మూసే పూత

150–200 మి.లీ. కలిపి, స్పాంజి బ్రష్‌తో పలక అంతా, అంచులూ పలచగా రుద్దండి. కింది ప్రైమర్ కనిపించేంత పలచనే సరి.

ఇది సాయంత్రమే ఎందుకంటే, పొద్దుటి పూట వేడి పెరిగేకొద్దీ చెక్క లోపలి గాలి వ్యాకోచించి బయటికి వస్తుంది. అదే బుడగలు. సాయంత్రం చల్లబడుతుంటే చెక్క గాలిని లోపలికి పీలుస్తుంది, దాంతోపాటు రెసిన్ కూడా రంధ్రాల్లోకి దిగుతుంది. ఈ ఒక్క పూత మానేసి పైన ఎంత టార్చ్ తిప్పినా బుడగలు వస్తూనే ఉంటాయి.

## 10. రెండో రోజు: తెల్ల పోత, మసక చారలు

పొద్దున పూతను 220తో తేలిగ్గా రుద్ది, ఐపీఏతో తుడవండి. ఇప్పుడు 1250 మి.లీ. మూడు కప్పుల్లో విడివిడిగా కలపండి. తర్వాత రంగులు ఇలా పంచుకోండి:

- తెలుపు: 1000 మి.లీ., రెండు కప్పుల్లో
- లేత బూడిద: 200 మి.లీ., తెలుపులో నలుపు పుల్ల కొసతో తీసినంత
- ముదురు బూడిద: 50 మి.లీ., నలుపులో కొంచెం గోధుమ, కొంచెం తెలుపు

పిగ్మెంట్ రెసిన్ బరువులో 5 శాతం దాటకూడదు. ఎక్కువైతే గట్టిపడటం దెబ్బతింటుంది. ఉత్త నలుపు వాడకండి, రాయిలో ఆ నలుపు ఉండదు, గీతలు ముగ్గులా తేలిపోతాయి.

తెలుపు మొత్తం పోసి, పళ్ళ ట్రవెల్‌తో సమంగా పరచండి. అంచుల మీదుగా కారనివ్వండి, గ్లౌజు వేలితో అంచులకు పూయండి. టార్చ్‌ను పలకకు 10–15 సెం.మీ. ఎత్తులో ఆపకుండా తిప్పుతూ బుడగలు తీసేయండి. ఒకేచోట నిలిపితే అక్కడ ముడతలు, పసుపు మచ్చ.

ఇప్పుడు ఆగండి. అందరూ తొందరపడేది ఇక్కడే. పోసిన వెంటనే తెలుపు పలచగా ఉంటుంది, అందులో ఏ గీత గీసినా పాకుతుంది. నేను మొదటిసారి చేసినప్పుడు రాత్రి దారంలా గీసిన చారలు పొద్దునకి బొటనవేలంత అయ్యాయి. పుల్లతో అంచు దగ్గర చిన్న గీత గీసి చూడండి. గీత వెంటనే మూసుకుపోతే ఇంకా సమయం ఉంది. రెండు మూడు సెకన్లు గుర్తు నిలిచి మెల్లగా పూడితే, అంటే తేనె చిక్కదనానికి వస్తే, మొదలుపెట్టండి. 25 డిగ్రీల దగ్గర ఇది సాధారణంగా 15–20 నిమిషాలు.

1. గోడకు అంటించిన పేపరు చూసుకుంటూ, మూడు పెద్ద చారల దారిలో లేత బూడిదను సన్న ధారగా, వంకరటింకరగా వదలండి. అంచు దాటించి పక్క మీదికి కూడా కారనివ్వండి.
2. పొడి కుంచెతో చార ఒక వైపునే తెలుపులోకి మెల్లగా లాగండి. రెండో వైపు ముట్టుకోకండి. ఒక పక్క అంచు, ఒక పక్క మబ్బు, ఇదే రాయి రూపం.
3. ముదురు బూడిదను ఆ చారల్లోనే అక్కడక్కడ చుక్కలుగా వేసి, పుల్ల కొసతో పొడవుగా లాగండి. మొత్తం 50 మి.లీ. వాడేయాలని లేదు.
4. ఇంకా మబ్బుగా కావాలంటే ఒక అడుగు ఎత్తు నుంచి ఐపీఏ ఒకటి రెండుసార్లు చిమ్మండి. టార్చ్ అప్పటికే ఆర్పి గది బయట పెట్టి ఉండాలి. ఐపీఏ ఆవిరి భగ్గుమంటుంది. చిమ్మాక ఆ పోత మీద మళ్ళీ మంట తిప్పొద్దు.
5. చేయి ఆపండి. ఇంకొక్క చార అనిపించినప్పుడే ఆపాలి. సన్నవి రేపటికి ఉన్నాయి.

మొదటి గంటన్నర పావుగంటకోసారి అడుగున వేలాడే చుక్కలు పుల్లతో తుడవండి. తర్వాత పెట్టె మూసి, లైటు ఆపి, తలుపు వేయండి.

## 11. మూడో రోజు: సన్న చారలు

24 గంటల తర్వాత పొర గట్టిపడి ఉంటుంది. మైనపు తెట్టు ఉంటే ముందు గోరువెచ్చటి సబ్బు నీళ్ళతో కడిగి ఆరబెట్టండి. రుద్దడం తర్వాతే, లేదంటే తెట్టు పొరలోకి ఇంకుతుంది. 320తో అంతా మసకబారేలా రుద్ది, ఐపీఏతో తుడవండి. మెరుపు పోయిందని కంగారుపడకండి, క్లియర్ పడగానే తిరిగొస్తుంది.

అక్రిలిక్ నలుపు, తెలుపు, కొద్దిగా గోధుమ కలిపి, టీ అంత పలచగా చేసుకోండి. కుంచెను చివర పట్టుకోండి. పెన్నులా దగ్గరగా పట్టుకుంటే చేయి రాసే అలవాటులో పడుతుంది, చారలు అక్షరాల్లా వంపులు తిరుగుతాయి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కాడను అటూ ఇటూ దొర్లిస్తూ భుజం నుంచి లాగండి. కుచ్చు తనంతట తానే ఒకచోట ఆని, ఒకచోట లేస్తుంది. ఆ ఎగుడుదిగుడే కావాలి.

నిన్నటి మబ్బు చారల అంచు వెంట ఒక గీత నడిపించండి, మధ్యలో వదిలేయండి, కాస్త పక్కకు జరిగి మళ్ళీ అందుకోండి. గీసిన వెంటనే తడి గుడ్డతో కొన్నిచోట్ల అద్దితే సగం మాయమవుతుంది. నచ్చకపోతే మొత్తం తుడిచేయొచ్చు, తెల్ల పొరకు ఏమీ కాదు. తడి రెసిన్‌లో గీసినదాన్ని వెనక్కి తీసుకోలేం, ఇక్కడ తీసుకోవచ్చు. అందుకే కొత్తవాళ్ళకు ఈ పద్ధతి చెబుతున్నాను.

రంగు మందంగా పేరుకోకూడదు. పేరుకున్నచోట క్లియర్ పొర పట్టదు. కనీసం 3–4 గంటలు ఆరనివ్వండి.

## 12. క్లియర్ పొర

రసమట్టం మళ్ళీ పెట్టి చూడండి. 930 మి.లీ. రెండు కప్పుల్లో కలిపి, పలక మధ్య నుంచి పాములా పోసుకుంటూ రండి. ట్రవెల్‌తో సర్ది, అంచులు పూసి, టార్చ్ ఒకసారి తిప్పండి. పది నిమిషాల తర్వాత ఇంకోసారి.

పక్క నుంచి వంగి చూస్తే దుమ్ము, వెంట్రుకలు కనిపిస్తాయి. మొదటి పావుగంటలోపే టూత్‌పిక్‌తో తీసేయండి. ఆ తర్వాత కనిపించినవి వదిలేయడమే మంచిది, చిక్కబడ్డాక కెలికితే గుంట మిగులుతుంది.

## 13. తేడా వస్తే

అక్కడక్కడ జిగురు. సరిగ్గా కలవలేదు. మెత్తగా ఉన్నంత మేర గీకి, ఐపీఏతో తుడిచి, మళ్ళీ పోయాలి. పైన ఇంకో పొర పోస్తే కింది జిగురు అలాగే ఉంటుంది.

పలకంతా జిగురు. రెండు రోజులు వెచ్చటి గదిలో ఆగి చూడండి. చలి వల్లయితే గట్టిపడుతుంది. పాళ్ళు తప్పి ఉంటే ఎన్నాళ్ళైనా అంతే, గీకేయాల్సిందే.

చేప కళ్ళలా గుంటలు. కింద నూనె, మైనం లేదా సిలికాన్ ఉంది. గట్టిపడ్డాక 220తో రుద్ది, ఐపీఏతో రెండుసార్లు తుడిచి, పలచటి పొర పోయండి. రెసిన్ పనికి ముందు చేతికి క్రీము, తలకు నూనె రాసుకుని పలక మీద వంగకండి.

గట్టిపడ్డ బుడగలు. పగలగొట్టి, గుంటను అగ్గిపుల్లతో రెసిన్ చుక్కలు వేసి నింపి, సాపు చేసి, పైపొర వేయండి.

ముదురు చారలు కనిపించకుండా పోవడం. రాత్రిలో తెలుపు కింద మునిగాయి. భయం లేదు, మూడో రోజు అక్రిలిక్‌తో పైకి తెచ్చుకోవచ్చు.

మొత్తం బూడిదగా అలుక్కుపోవడం. తడిలో ఎక్కువ కెలికారు. గట్టిపడ్డాక 220తో రుద్ది, పలచటి తెల్ల పోత మళ్ళీ వేయండి. కింది బూడిద మసకగా కనబడి బాగానే ఉంటుంది.

అడుగున ముళ్ళలా చుక్కలు. హీట్ గన్‌తో కాస్త వేడి చేస్తే మెత్తబడతాయి, పుట్టీ బ్లేడుతో కోసేయండి.

సన్న గీతలు. 800, 1000, 1500, 2000 నంబర్ల వాటర్ పేపర్‌తో నీళ్ళు చల్లుతూ రుద్ది, కార్లకు వాడే రబ్బింగ్ కాంపౌండ్‌తో మెరుగు పెట్టండి.

## 14. వాడకం

24 గంటలకు ముట్టుకోవచ్చు. మూడు రోజులకు తేలికపాటి వస్తువులు పెట్టొచ్చు. ఏడు రోజులు దాటేదాకా బరువు, నీళ్ళు, టేబుల్ క్లాత్ వద్దు. మొదటి వారంలో ప్లాస్టిక్ క్లాత్ పరిస్తే దాని నేత అచ్చంగా దిగిపోతుంది.

తుడవడానికి సబ్బు నీళ్ళు, మెత్తటి గుడ్డ చాలు. శానిటైజర్, నెయిల్ పాలిష్ రిమూవర్ మరకలు చేస్తాయి. కాఫీ గ్లాసు కింద చిన్న చాప ముక్కో, కోస్టరో పెట్టండి. స్టీలు గ్లాసు వేడి నేరుగా తగిలితే గుండ్రటి మచ్చ పడుతుంది.

మిగిలిన రెసిన్ సింకులోనో, కాలువలోనో పోయకండి. పాత ట్రేలో పలచగా పరిచి, గట్టిపడ్డాక చెత్తలో వేయండి. డబ్బాల మూతలు తుడిచి, బిగించి, ఎండ తగలని చోట, పిల్లలకు అందనంత ఎత్తులో పెట్టండి. రెండు మూతలూ మారిపోకుండా చూసుకోండి. హార్డెనర్ అంటిన మూత రెసిన్ డబ్బాకు పెడితే అది మళ్ళీ రాకుండా అతుక్కుపోతుంది.